స్టూడియో అక్క నమ్మిన తూనీగ

స్టూడియో అక్క పోయింది. ఆ రోజు ఉదయం ఆరున్నరకు ఆమె నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. కంది పువ్వు అంచున నల్ల చీమ. ఎనిమిదింటికి అదే నంబరు నుంచి ఫోను. "ఏందక్కా, పొద్దుగాల్నే!" అన్నాను నవ్వుతూ. మాట్లాడింది ఆమె బిడ్డ. "మామా, అమ్మ లేస్తలేదు" అంది. తాండూరు బయట కంది చేను గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. మెడలో కెమెరా ఇంకా ఆన్‌లోనే ఉందట. గుండె ఆగిందన్నారు. నలభై ఆరేళ్లకు గుండె ఆగడమేమిటి? నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియదు.

ఆమెది తాండూరులో చిన్న ఫోటో స్టూడియో. నాది వికారాబాద్‌లో మందుల షాపు. పనిమీద తాండూరు వెళ్లినప్పుడు ఏదో దరఖాస్తుకు అర్జెంటుగా ఫోటో కావాల్సి వచ్చి ఆమె దగ్గర దిగాను. గోడ మీద సాలీడు ఫోటో ఉంది. దాని కళ్లు ఎనిమిదీ లెక్కపెట్టొచ్చు. "గిది మీరే తీసిన్రా?" అని అడిగితే, "మరి సాలీడే తీస్కుంటదా?" అంది. ఆ తర్వాత ఏడేళ్లు, వీలైన ప్రతి ఆదివారం మొదటి బస్సుకి తాండూరు పోయాను. అప్పుడప్పుడు తనే మా వికారాబాద్ పక్కనున్న అనంతగిరి అడవికి వచ్చేది.

ఆమె దగ్గర ఖరీదైన సామానేమీ లేదు. పాత లెన్సును తిరగేసి కెమెరాకు బిగించేది. అట్లా బిగిస్తే చీమ కూడా ఏనుగంత కనిపిస్తుంది. ఫ్లాష్ వెలుగు పురుగు కళ్లలో పొడుచుకోకుండా ఫ్లాష్‌కు పెరుగు డబ్బా ముక్క తొడిగేది. ఎడమ చేత్తో కొమ్మను మెల్లగా పట్టుకుని, ఆ మణికట్టు మీదే లెన్సు ఆనించేది. గాలికి కొమ్మ ఊగితే కెమెరా కూడా దానితోపాటే ఊగేది. ఊపిరి బిగబట్టి, ఫోకస్ రింగు తిప్పకుండా, ఒంటినే వెంట్రుకవాసి ముందుకు వెనక్కు జరిపి కన్ను దొరికినప్పుడు నొక్కేది. "కన్ను మసకగుంటే ఫోటో పారెయ్ తమ్మీ, మల్ల చూడకు" అనేది. తెల్లారి చలికి పురుగులు వాటంతటవే బిగుసుకుని ఉంటాయని, అందుకే ఎండ పడకముందే పోవాలని నేర్పింది ఆమే.

ఒకసారి గూడు చీల్చుకుని అప్పుడే బయటికొచ్చిన సీతాకోకచిలుక కనిపించింది. నాకు చేతులు ఆగలేదు. కొమ్మను ఎండ వైపు వంచబోయాను. అక్క నా లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగు. రెక్కలింక ఆరలే. గిప్పుడు కింద పడ్డదంటే మల్ల ఎగురుడు లేదు." గంటన్నర అక్కడే నిలబడ్డాం. అది ఎగిరిపోయింది. ఒక్క ఫోటో కూడా రాలేదు. ఆమె మాత్రం పెళ్లి భోజనం చేసిన మనిషిలా తృప్తిగా టీ తాగింది. కొమ్మలు విరవడం, పురుగుల కాళ్లకు జిగురు పూయడం, నీళ్లు చల్లి మంచు అని చెప్పడం, ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, ఇవన్నీ చేసేవాళ్లంటే ఆమెకు అసహ్యం. "అది మన స్టూడియోకు రాలే. మనమే దానింటికి పోయినం" అనేది.

ఇంత విన్నవాణ్ని, నేనేం చేశానో చెబుతాను. రెండేళ్ల కింద ఒక ఫోటోల పోటీ వచ్చింది. నాలుగు ఆదివారాలు తిరిగినా తూనీగ కన్ను దొరకలేదు. ఐదోసారి ఒకదాన్ని పట్టి, డబ్బాలో వేసి, మా షాపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పెట్టాను. పది నిమిషాలే అనుకున్నాను. గిరాకీ వచ్చి మరిచిపోయాను. రెండు గంటల తర్వాత తీసి, షాపు వెనక పూలకుండీలో పుల్ల మీద కూర్చోబెట్టాను. బయటి గాలి తగలగానే దాని కళ్ల మీద, రెక్కల మీద నీటి చుక్కలు కట్టాయి. అచ్చం మంచులాగే ఉన్నాయి. ఎన్ని కావాలంటే అన్ని ఫోటోలు తీసుకున్నాను. తర్వాత అది పుల్ల మీద నుంచి జారి పడింది. సాయంత్రానికి చీమలు పట్టాయి.

ఫోటోకు బహుమతి వచ్చింది. అక్కకు అనంతగిరిలో తీశానని చెప్పాను. ఆమె దాన్ని పెద్దగా ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, సాలీడు ఫోటో తీసేసి మరీ ఆ మేకుకు తగిలించింది. వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేది. "మా తమ్ముడు నాలుగు వారాలు ఓపిక పట్టిండు దీనికోసం" అనేది. నేను పక్కనే నవ్వుతూ నిలబడేవాణ్ని. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చివరికి, వచ్చే ఆదివారం తప్పకుండా చెప్పాలనుకున్నాను. ఆమె శుక్రవారమే పోయింది.

దినాల రోజు అక్క ఫోటో పక్కన ఆ తూనీగను పెట్టారు. "అమ్మకు పానం గిది. రెండు మాటలు చెప్పు మామా" అంది బిడ్డ. ఆ పిల్లను పెరట్లోకి పిలిచి మొత్తం చెప్పాను. మనసులో మాత్రం, అమ్మకు ముందే తెలుసులే అంటుందేమోనని ఆశపడ్డాను.

"అమ్మకు తెల్వదు మామా" అంది. "అమ్మ నమ్మింది."

లోపలికి పోయి ఫ్రేము తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మళ్లీ నా మొహం చూడలేదు.

వికారాబాద్ బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో మేకలు కాసే కర్ర పట్టుకున్న ఒక ముసలామె. అద్దం మీద, ఆ నీటి చుక్కల మీద వేలు పెట్టి, "ఎంత సక్కగున్నది కొడుకా. గింత దగ్గరికి పోయినా ఎగిరిపోలేదా?" అని అడిగింది.

"లేదవ్వా."

"మస్తు ఓపికున్నది నీకు."

"ఓపిక లేదవ్వా" అన్నాను. "నేనే సంపిన."

ఆమె అద్దం మీద నుంచి వేలు తీసేసింది.