మలీద పళ్ళెం మీద చేయి

నా చిన్నప్పుడు నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు, నోరు అసలే ఊరుకునేది కాదు. ఖాజాగూడలో రాళ్ళగుట్ట పక్కనే మా ఇల్లు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి కానీ, అప్పట్లో మా వాడకు కరెంటే రాలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మా అక్క రాలేకపోయింది. కొత్తగా పెళ్ళయింది, అత్తగారేమో మంచాన పడ్డారు. పండుగ సద్దులైనా ఫోటో తీసి పంపమని ఉత్తరం రాసింది. మా చిన్నాయన పట్నంలో స్నేహితుణ్ణి అడిగి కెమెరా, నాలుగు ఫ్లాష్ బల్బులు తెచ్చాడు. ఒక్కసారి వెలిగితే మాడిపోయే రకం అవి. మూడింటిని మా ఎడ్ల మీదా గుట్ట మీదా తగలేసి, చివరిది సద్దుల కోసం దాచాడు. దీని వెలుగుకు చీమ కాలు సుత కనపడ్తదని ఒకటే గొప్పలు!

మా నాయనమ్మ నడిమింట్లో పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, మలీద ముద్దలు వరుసగా పెట్టి పైన గుడ్డ కప్పింది. చెరువు దగ్గర గౌరమ్మకు చూపించేదాకా ఎవరూ ముట్టకూడదు. పొద్దు వాలుతోంది. బయట ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకుని తొందరపెడుతున్నారు. చిన్నాయన మాత్రం కెమెరా తుడుస్తూనే ఉన్నాడు. ఎంతసేపని ఆగను? ఎవరూ చూడకుండా లోపలికి దూరాను. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి నలిపిన ఆ వాసనకు నిలవలేక, మలీద ముద్ద ఒకటి నోట్లో కుక్కుకున్నాను. మిగతావి జారి, పళ్ళెంలో పెద్ద గుంట పడింది.

అప్పుడు పట్టుకుంది భయం. గౌరమ్మ సద్దిని ఎంగిలి చేశాను. ఆ గుంట ఫోటోలో పడుతుంది, అక్క అత్తవారంతా చూస్తారు, అమ్మ చేతిలో నా వీపు విమానం మోతే! చిన్నాయన వచ్చి గుడ్డ తీయించాడు. ఆ మసకలో ఎవరికీ ఏమీ కనిపించలేదు. నేను లంగా అంచు నలుపుతూ, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ నిలబడ్డాను.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నాయనమ్మ నమ్మకం. కెమెరా చూస్తేనే మొహానికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ రోజు పళ్ళేల పక్కనే కూర్చుని ఉంది. ఒకసారి మలీద వైపు చూసింది, ఒకసారి నా మూతి వైపు చూసింది. చిన్నాయన మీట నొక్కబోతుండగా ముందుకు వంగి, పళ్ళెం మీద చేయి పెట్టేసింది. భగ్గుమని వెలుగు!

"ఏం పని చేస్తివే అమ్మా! ఉన్నదే ఒక్క బల్బు!" చిన్నాయన నెత్తి పట్టుకున్నాడు.

"ఈగ వాలిందిరా. ఇగ గిది గౌరమ్మకు పనికిరాదు. జర ఆగుండ్రి, మల్ల చేస్త."

ఇంట్లో వాళ్ళూ బయట వాళ్ళూ ఆమెనే విసుక్కున్నారు. ఆమె కొత్తగా రొట్టె కాల్చి మలీద కలిపింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి తల దించుకుని నిలబడితే, కొంగుతో నా మూతి తుడిచింది.

"అడిగితే పెట్టనా బిడ్డా?" అంది. అంతే.

కడిగించుకు వస్తే ఆ ఫోటోలో సద్దులన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాయనమ్మ చేయి ఒక్కటే స్పష్టంగా పడింది: మట్టిగాజులు, మణికట్టు మీద పచ్చబొట్టు. దాన్ని అక్కకు పంపకుండా ఇంట్లోనే ఉంచేశారు. సద్దులు తీస్తే అమ్మ చేయి వచ్చిందని చిన్నాయన ఏళ్ళ తరబడి ఆటపట్టించాడు. ఆమె నవ్వి ఊరుకునేది. అంత వాగుడుకాయనైనా, ఆ ముద్ద తిన్నది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె పోయాక గోడకు పెట్టుకుందామని ఇల్లంతా వెతికితే ఒక్క ఫోటో దొరకలేదు. ఉన్నదల్లా ఆ చేయే. అప్పుడు ఏడుస్తూ చిన్నాయనకు నిజం చెప్పాను. ఆయన ఆ ఫోటో తుడిచి, నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో" అన్నాడు.

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా ఇంట్లో పండుగనాడు పళ్ళెంలో ఏదైనా తగ్గితే, ఎవరు తీశారని నేను అడగను. పిల్లల్లో ఎవరి కాలు నిలవడం లేదో చూసి, ముందు వాళ్ళ మూతి తుడుస్తాను.