లెక్కలోకి రాని పిల్ల

ఎన్నికల సర్వే ఆఫీసులో జనానికి ఫోన్లు చేసే ఆవిడకు మొదటి ప్రశ్న మీదే అనుమానం. "పోయిన ఎన్నికల్లో ఓటేశారా?" అని అడగాలి. "లేదు" అంటే థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేయాలి. ఈసారీ వెయ్యరని ఆ మనిషిని లెక్కలోంచి తీసేస్తారు.

"అప్పటికి ఓటే రాని పిల్లలు లేదనక ఏమంటారు సార్?" అని ఆమె సూపర్‌వైజర్‌ని అడిగింది.

"వాళ్లు ఎలాగూ వెయ్యరమ్మా. సెలవు రోజు నిద్ర లేస్తారా?" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. కూతురికి ఈసారే కొత్తగా ఓటు వచ్చింది. "వేస్తావుగా?" అని రోజూ అడిగేది.

"నన్ను నమ్మవేంటమ్మా!" అని పిల్ల విసుక్కునేది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

పోలింగ్ రోజు పొద్దున వంట ముగించి, కూతురి గది తలుపు దబదబా బాదింది. "లేవవే కుంభకర్ణా! మా సార్ మాటే నిజం చేస్తావా?"

లోపల ఉలుకూ పలుకూ లేదు. తోసి చూస్తే మంచం ఖాళీ. ఇంతలో ఫోన్ మోగింది. కూతురే.

"ఎక్కడున్నావే అమ్మా? ఎప్పట్నుంచో లైన్లో నిలబడ్డా. ఇంతకీ నువ్వు వేస్తావా, వెయ్యవా?"

సర్వే లెక్క ప్రకారం తప్పకుండా ఓటేసే మనిషి తనే. పోయినసారి వేసింది కదా. ఆమె ఇంకా చెప్పులు వెతుక్కుంటోంది.