ఎడమంటే ఎడమే

మేవిస్‌కి ఎడమ ఏదో కుడి ఏదో తెలియదని మా ఎడారి క్యాంపులో అందరికీ తెలుసు. పంతొమ్మిది చలికాలాలు ఆవిడ పక్కనే నా బండి పెట్టుకుని ఉన్నాను కాబట్టి నాకు మరీ బాగా తెలుసు. ఆ మాట నమ్మి నవ్వినవాళ్లలో నేను ముందు వరసలో ఉండేవాణ్ని. అందుకే ఈ సంగతి నేనే చెప్పడం న్యాయం.

ఏప్రిల్ వచ్చేసరికి అరిజోనాలో ఎండ ముదురుతుంది. చలికాలానికని దిగిన మా ముసలి మూక అంతా ఇంటిబండ్లు కట్టుకుని ఉత్తరానికి బయల్దేరుతుంది. బస్సంత బండి, లోపల మంచం, పొయ్యి, స్నానాల గది. వెనక ఒక ట్రైలర్, అందులో ఇసుకలో తిరిగే బగ్గీ. కదిలే ముందు ప్రతి బండికీ లైట్ల పరీక్ష ఉంటుంది. పెళ్లాం స్టీరింగ్ ముందు కూర్చుంటుంది, మొగుడు ట్రైలర్ వెనక నిలబడి "బ్రేకు! ఎడమ! కుడి!" అని అరుస్తాడు. తర్వాత ఇద్దరూ పోట్లాడుకుంటారు. మిగిలినవాళ్లం మడత కుర్చీలు వేసుకుని, కాఫీ తాగుతూ చూస్తాం. అంతకు మించిన వినోదం మాకు ఏడాది మొత్తంలో ఉండదు.

అన్నిట్లోకీ మేవిస్, ఆవిడ మొగుడు ఆర్లెన్‌ల ఆట గొప్పది.

"ఎడమ వెయ్యవే అంటే రెండు పక్కలా వేస్తావేంటి?" అని ఆర్లెన్ గొంతు చించుకునేవాడు.

"ఎడమే వేశాను!"

"నా కళ్లేమైనా పోయాయా? రెండూ కొట్టుకుంటున్నాయి. సరే, బ్రేకు తొక్కు. అమ్మా తల్లీ, బ్రేకు తొక్కమంటే ఉన్న దీపాలు కూడా ఆర్పేశావు గదా!"

ఆఖరికి ఆయన విసవిసా ముందుకొచ్చేవాడు. దారిలో, ట్రైలర్‌ని ఇంటిబండికి తగిలించే కొక్కేన్ని బూటుకాలితో ఒక్క తొక్కు తొక్కడం ఆయనకి అలవాటు. సరిగ్గా కూర్చుందో లేదో చూస్తున్నట్టు ఉండేది. మేవిస్‌ని దింపి తను ఎక్కి నొక్కేవాడు. ఆవిడ వెనక్కి వెళ్లి చూస్తే లైట్లన్నీ బుద్ధిగా వెలిగేవి. మేం చప్పట్లు కొట్టేవాళ్లం. ఆవిడ మూతి బిగించుకుని లోపలికి పోయేది. నాలుగో ఏడాదికల్లా ఆ పరీక్షకి తప్ప స్టీరింగ్ ముట్టుకోవడమే మానేసింది.

నిజానికి మేవిస్ తెలివితక్కువ మనిషి కాదు. నెబ్రాస్కాలోని ఒమాహాలో టెలిఫోన్ కంపెనీలో ముప్పై ఏళ్లు చేసింది. ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా, తప్పు ఎన్నో స్తంభం దగ్గరుందో బల్ల ముందు కూర్చునే చెప్పేసేదట. కానీ ఇంటిబండి వైర్ల మీద ఆర్లెన్ ఆవిడ చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

పోయిన శరత్తులో ఆర్లెన్ పోయాడు. నవంబరులో ఆయన తమ్ముడు డెల్బర్ట్ బండిని ఇక్కడిదాకా తోలి, దింపి వెళ్లాడు. ఇక చూడండి, చలికాలమంతా మేవిస్ ఆ బండిని ఎడారిలో అటూ ఇటూ తిప్పి తోలడం మళ్లీ నేర్చుకుంది. డెబ్బై ఒకటో ఏట! ఏప్రిల్‌లో డెల్బర్ట్ మళ్లీ దిగాడు, బండిని తనే తోలుకెళ్లి నెబ్రాస్కాలో అమ్మేద్దామని. మేవిస్ ఒప్పుకోలేదు. సగం ఏడాది అదే ఆవిడ ఇల్లు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. లైట్ల పరీక్ష నెగ్గితే ఆవిడే తోలుతుంది, బండి ఆవిడ దగ్గరే ఉంటుంది. లేదంటే తాళాలు డెల్బర్ట్‌కి.

మా బండ్ల వరసకి పెద్దని నేనే. పదకొండింటికి ప్రయాణం. ఒక్క లైటు వెలగకపోయినా ఆ బండిని వరసలోకి రానివ్వను, అది నా నియమం. పొద్దున్న ఎనిమిదింటికి మేవిస్ ట్రైలర్ వెనక నిలబడ్డాను.

"ఎడమ!" అన్నాను.

రెండు పక్కలా మసకమసగ్గా కొట్టుకున్నాయి. బ్రేకు అంటే వెనక దీపాలన్నీ ఆరిపోయాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. నిజం చెప్పాలంటే నేను కూడా.

"దిగు మేవిస్, దిగు. మా అన్నయ్య ఊరికే అనేవాడా?" అంటూ డెల్బర్ట్ ఎక్కాడు. "వెళ్లి చూడు, ఎడమంటే ఎలా ఉంటుందో."

ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. డెల్బర్ట్ ఎడమ వేశాడు. రెండూ కొట్టుకున్నాయి. బ్రేకు తొక్కాడు. అన్నీ ఆరిపోయాయి.

మేవిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లైల్, చూశావా? వాడు నొక్కినా ఇంతే!"

"బల్బులు పోయుంటాయిలే," అన్నాను.

"బల్బుల మాట అటుంచు. ఇన్నేళ్లూ ఏమనుకున్నానో తెలుసా? అదే మీట, అదే వైరు. ఆయన నొక్కితే బాగుంటుంది, నేను నొక్కితే చెడుతుంది. అంటే తప్పు నా చేతిలోనే ఉందనేగా లెక్క! ఇప్పుడు వాడి చేతికీ అదే తప్పొచ్చింది. అంటే తప్పు చేతుల్లో లేదు."

ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. లోపలికి పోయి ఒక రేకు డబ్బా పట్టుకొచ్చింది. అందులో పాత హెడ్‌లైట్ బల్బు, దానికి రెండు వైర్లు. నేను నా టెస్టర్ ఇవ్వబోతే వద్దంది.

"నీ టెస్టర్ ఇంత కరెంటు తగిలినా వెలుగుతుంది, అది అబద్ధాలకోరు. ఇది ఆకలి మీదుంటుంది. దీనికి కడుపు నిండా కరెంటు కావాలి."

"మెకానిక్‌ని పిలుద్దాం మేవిస్," అన్నాడు డెల్బర్ట్.

"పిలువు. అతనొచ్చేసరికి నేను పని ముగించి కాఫీ పెడతా."

ముప్పై ఏళ్లు ఫోను లైన్ల మీద ఎలా చేసిందో అలాగే చేసింది. ముందు లైనుని సగానికి కొయ్యడం, అంటే తప్పు ఏ సగంలో ఉందో తేల్చుకోవడం. ట్రైలర్ ప్లగ్గు పీకేసి, ఇంటిబండి వెనకున్న సాకెట్‌లో తన బల్బు పెట్టింది. నేను ముందు కూర్చుని చెప్పిందల్లా నొక్కాను. ఎడమకీ, కుడికీ, బ్రేకుకీ బల్బు భగ్గున వెలిగింది.

"ఈ సగం బంగారం. తప్పు ఆ సగంలో ఉంది," అంది. ప్లగ్గు మళ్లీ పెట్టి, పొడుగాటి వైరు ఒకటి తీసుకుని ఒక చివర ఇంటిబండి ఇనుముకి బిగించి, రెండో చివర ట్రైలర్ ఇనుముకి తాకించింది. "ఎడమ వెయ్యి లైల్."

వెనకనుంచి డెల్బర్ట్ గొంతు వినిపించింది. "ఎడమ ఒక్కటే... ఎడమ ఒక్కటే కొట్టుకుంటోంది!"

"ఎర్త్ లేదు," అంది మేవిస్ తాపీగా. "కరెంటు ట్రైలర్‌లోకి వెళ్తోంది గానీ తిరిగొచ్చే దారి లేదు. పాపం, పక్క లైట్లోంచి దూరి వస్తోంది. అందుకే రెండూ మిణుకుమిణుకు."

నేల మీద పాత దుప్పటి పరుచుకుని ట్రైలర్ కింద పడుకుంది. ప్లగ్గు వెనక నల్ల టేపు చుట్టిన వైర్ల కట్టని కత్తితో చీల్చింది. ఎర్త్‌ది తెల్ల వైరు. అది బెత్తెడు పొడుగున తెగి, వెనక్కి మడతపడి, టేపు కింద హాయిగా నిద్రపోతోంది. దేనికీ కలపనే లేదు.

"ఈ వైరింగ్ ఎవరు చేశారు?" అని అడిగాను, తెలిసి కూడా.

"ట్రైలర్ కొన్నప్పుడు ఆర్లెన్ చేశాడు. తెల్లది పొట్టిదైపోయినట్టుంది. కొక్కెం దగ్గర ఇనుముకి ఇనుము తగులుతుంది గదా, చాల్లే అనుకున్నాడు." ఆవిడ కొక్కెం కూర్చునే ఇనప గుండు వైపు చూసింది. ఆ గుండు, కొక్కెం లోపలి గిన్నె, రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

వెళ్లేముందు కొక్కేలకి రంగెయ్యడం మా క్యాంపు ఆచారం. ఆర్లెన్ బద్ధకిస్టు, ఎప్పుడూ వెయ్యలేదు. తుప్పు పట్టింది, నీట్‌గా రంగెయ్యమని పోయిన వారం మేవిస్‌కి చెప్పింది నేనే. ఇన్నేళ్లూ ఆ తుప్పు గుండు తగిలీ తగలక ఇచ్చిన కాస్త ఎర్త్‌ని ఆ రంగు పూర్తిగా మూసేసింది.

"మరి ఆర్లెన్ నొక్కితే ఎందుకు వెలిగేవి?" అన్నాడు డెల్బర్ట్.

మేవిస్ ట్రైలర్ కింద నుంచి బయటికొచ్చి దుప్పటి మీదే కూర్చుండిపోయింది. నెమ్మదిగా అంది. "తొక్కేవాడు. ఎక్కే ముందు కొక్కేన్ని తొక్కేవాడు. ఆ తొక్కుడుకి ఇనుము ఇనుముకి తగిలేది. నేనేమో మీట ఒక్కటే చూశాను గానీ ఆ కాలు చూడలేదు. లైల్, నేను ఎడమే వేశాను. ప్రతిసారీ ఎడమే వేశాను!"

నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. "చచ్చి బతికిపోయాడు, వెధవ," అని ముక్కు తుడుచుకుంది.

నాకు సిగ్గేసింది. క్షమించమని అడిగాను. "తర్వాత చూద్దాం, ఆ గరుకు కాగితం ఇలా ఇవ్వు," అంది.

ట్రైలర్ ఇనుముని తళతళలాడేదాకా గీకి, కొత్త తెల్ల వైరు వేసి, చివర రింగు నొక్కి బోల్టుతో బిగించింది. పదింపావుకి నేను మళ్లీ వెనక నిలబడ్డాను. కుర్చీల్లో జనం ఇంకా ఎక్కువయ్యారు. ఎడమ అన్నాను, ఎడమ వెలిగింది. కుడి అన్నాను, కుడి వెలిగింది. బ్రేకుకి రెండూ ఎర్రగా మండాయి. కొక్కేన్ని నేను తన్ని చూశాను, ఊపి చూశాను. ఏమీ చెక్కుచెదర్లేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

పదకొండింటికి క్యాంపు గేటు దగ్గర నిలబడి బండ్లని ఒక్కొక్కటే రోడ్డెక్కిస్తున్నాను. మేవిస్ బండి వచ్చి ఆగింది. కుడి పక్క సీట్లో బెల్టు పట్టుకుని డెల్బర్ట్. కిటికీ తెరిచే ఉంది.

"ఇక్కడ ఎడమకి తిరగాలి మేవిస్," అంటున్నాడు చెయ్యి చాపి. "ఎడమ. అంటే నీ పక్క. ఎడమ ఏదో..."

"తెలుసు డెల్బర్ట్," అంది రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "పంతొమ్మిదేళ్లుగా తెలుసు."