కింద వినబడకూడని గిటారు

అశోక్‌నగర్‌లో మేముండే ఇంటి కింది వాటా రీడింగ్ రూమ్. దాన్ని నడిపే క్రాంతికుమార్ డాబా మీది గదిలో ఉంటాడు. మధ్య అంతస్తులో మేము, ఎదురు వాటాలో ఇంటి యజమానురాలు బాలత్రిపురసుందరి గారు. మా మహిత ఇప్పుడిప్పుడే పాకుతోంది. చెంచా కిందపడినా నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది. అందుకే మెట్ల మీద ఆపి, "అక్కా, కరెంటు గిటారు కొందామనుకుంటున్న. మీరు ఫిజిక్స్ చదివిన్రు గద, జర దుకాణందాక రారాదు" అని క్రాంతి అడిగినప్పుడు నాకు ముందు పాప నిద్రే గుర్తొచ్చింది.

క్రాంతి గ్రూప్స్ పరీక్షల కోసం నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చాడు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి విసిగి, చదవడం మానేసి, చదివేవాళ్లకు కుర్చీలు వేశాడు. హాస్టల్లో ఒక స్నేహితుడు గిటారు నేర్పాడు. ఉద్యోగం రాగానే అతను గిటారుతో సహా వెళ్లిపోయాడు. ఇప్పుడు క్రాంతి పని నోటి మీద వేలు పెట్టుకుని తిరగడమే.

"పొద్దంత గుసగుసలే అక్కా. నా గొంతు నాకే యాదికొస్తలేదు."

యజమానురాలు ముందే చెప్పేశారు. "చప్పుడు వినబడిందా, గది ఖాళీ చెయ్యాల్సిందేనోయ్."

నిజానికి అలాంటి ఇంటికి ఎలక్ట్రిక్ గిటారే నయం. మామూలు గిటారు బోలు పొట్టే శబ్దాన్ని పెంచుతుంది. దీనిది నిండు చెక్క. దాని శబ్దం పెంచే పెట్టెకి, అంటే ఆంప్‌కి, హెడ్‌ఫోన్ తగిలిస్తే వాయించేవాడికి తప్ప కింద ఎవరికీ వినబడదు. ఆ ధైర్యంతోనే మహితను వాళ్ల నాన్నకు అప్పగించి క్రాంతితో నారాయణగూడ దుకాణానికి వెళ్లాను. దారంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను.

"అన్నా, గీ పెద్ద ఆంప్ తీస్కో. వాట్స్ డబుల్, రేటు జర్రంత ఎక్కువ," అన్నాడు దుకాణదారు. క్రాంతి కళ్లు మెరిశాయి.

"వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు. పది రెట్లయితేగానీ చెవికి అలా తోచదు," అన్నాను. "పైగా నీ గదిలో ఆ స్పీకరు మోగేదే లేదు. చిన్నది చాలు, హెడ్‌ఫోన్ పెట్టే చోటు మాత్రం ఉండాలి."

"మేడం, గిటారు కొనేది ఇనిపిద్దామనే గద?"

"మాది ఉల్టా అన్నా," అన్నాడు క్రాంతి.

నల్లగా నిగనిగలాడే గిటారు ఎత్తుకుని మెడ అంచున చెయ్యి నిమిరాడు. అక్కడి సన్నటి లోహపు పట్టీలు, ఫ్రెట్ల కొసలు గీరుకుంటే పక్కన పెట్టేశాడు. చివరికి ఒక సాదా గోధుమరంగుది నచ్చింది. తీగల్ని గట్టిగా లాగి వదిలినా శ్రుతి తప్పలేదు. ఏ ఫ్రెట్ దగ్గరా జీర లేదు. దాన్నీ, చిన్న ఆంప్‌నూ కొన్నాడు.

సాయంత్రం అతను వాయిస్తుంటే నేను మహితను ఒళ్లో పెట్టుకుని పైకప్పు వైపే చూస్తూ కూర్చున్నాను. తీగ శబ్దం లేదు. హమ్మయ్య అనుకునేలోపే దబ్, దబ్, దబ్. పాప బిక్కమొహం వేసింది.

పాపను చాప మీద వాళ్ల నాన్న దగ్గర దింపి పైకి పరుగెత్తాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాలితో తాళం వేస్తున్నాడు. ఆ చప్పుడు అతనికే వినబడటం లేదు. మేమిద్దరం గిటారు, ఆంప్ అన్నీ చూశాం, కాలి సంగతి మరిచాం. గాలిలో పోయే శబ్దాన్ని ఆపి, స్లాబులో దిగేదాన్ని వదిలేశాం.

మళ్లీ కిందికి పరుగెత్తి, మహిత పడితే దెబ్బ తగలకుండా పరిచిన ఫోమ్ చాపలోంచి రెండు ముక్కలు పీకాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. వాటిని క్రాంతి కాళ్ల కింద వేస్తుండగానే గుమ్మంలో బాలత్రిపురసుందరి గారు.

"ఏవిటమ్మా ఈ దరువు?"

క్రాంతి లేచి నిలబడ్డాడు. "అమ్మగారూ, ఒక్క ఛాన్స్. ఇప్పుడు రాదు."

"రాదో వస్తుందో కింద నిలబడి చూస్తాను. నువ్వు కానియ్యి."

మా హాల్లో ఆవిడా నేనూ తలలెత్తి నిలబడ్డాం. పాప ఏడుపు ఆపి మాతోపాటు పైకి చూసింది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వాయిస్తున్నాడా, మానేశాడా?"

"వాయిస్తున్నాడండీ."

"ఇంతోటి దానికి కరెంటు కూడానా!" అని ఆవిడ తన వాటాలోకి వెళ్లిపోయారు.

కాసేపటికి క్రాంతి మెట్ల మీద నుంచి తొంగిచూశాడు. "అక్కా, ఇనొచ్చిందా?"

"లేదు. ఖాళీ చెయ్యక్కర్లేదు."

"జర్రంత కూడనా?"

"జర్రంత కూడా."

తలూపాడు. కానీ ఒక్కరైనా వినాల్సిందన్నట్టు మెట్ల మీదే నిలబడ్డాడు. మహిత అప్పటికే చాపలో ఖాళీ అయిన చోటికి పాకుతోంది.