అన్నయ్య పోసిన ఆయిల్

ఆ ఊళ్లో అందరూ ఆవిడను డ్రైవరమ్మ అనేవారు. ఒకప్పుడు టైల్స్ ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. ఆ తెల్లదుమ్ము ఒంటికి పడక, నలభై దాటాక ఉద్యోగం మానేసి స్టీరింగు పట్టింది. ఈ వయసులో డ్రైవింగు నేర్చుకోవడమేమిటని నలుగురూ నవ్వుకుంటుంటే, టైలరైన మొగుడు మాత్రం, "నవ్వేవాళ్లెవరికీ బండి లేదుగా, నువ్వు కానియ్యి" అన్నాడు.

నేర్పింది అన్నయ్య. ఊరి చివర ఆయనకు మెకానిక్ షెడ్డు ఉంది. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పాత టైర్లు వరసగా పేర్చి, వాటి మధ్య నుంచి బండిని నడిపించమనేవాడు. టైర్లన్నీ పడగొట్టేసి ఆవిడ మొహం ముడుచుకుంటే, "క్లచ్చును తన్నకమ్మడూ. బుజ్జగించు" అని, మళ్లీ ఓపిగ్గా పేర్చేవాడు. చిన్నప్పుడు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడు, నడివయసులో ఓ బతుకుదెరువు చేతిలో పెట్టాడు. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ మరచిపోలేదు.

అన్నయ్యను ఊళ్లో చెవుల మేస్త్రీ అంటారు. బానెట్ ఎత్తకుండానే, కళ్లు మూసుకుని కాసేపు విని, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. డ్రైవరమ్మ మొదట కొన్న డీజిల్ వ్యాను ఆయన చేతి చలవ వల్లే అన్నేళ్లు తిరిగింది. ఫ్యాక్టరీ వాళ్లను కొండకు అవతలున్న రైల్వే స్టేషనుకు చేర్చడం, తీసుకురావడం ఆవిడ పని. ఆ వ్యాను ఇక లేవనని మొరాయించాక, ఒక చిన్న పెట్రోలు కారు తీసుకుంది. టర్బో ఉన్న కారు.

"ఇంజను పిడికెడు, పొగరు గంపెడు" అన్నాడు మొగుడు, మొదటిసారి అందులో కొండెక్కాక.

మొదటి సర్వీసు కొండ అవతలి కారు కంపెనీ వర్క్‌షాపులో చేయించింది. అక్కడి సూపర్‌వైజరు ఆవిడను పక్కకు పిలిచి చెప్పాడు. పొగ బయటికి పోయే వేగంతో ఒక చిన్న చక్రం తిరిగి, ఇంజనులోకి గాలిని బలంగా నెడుతుందని, అదే టర్బో అని, అది తిరిగే ఇరుసు పెన్సిలంత ఉంటుందని, దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటేనని. "చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు అక్కడిదాకా వేళకు చేరదు. నాసిరకందైతే ఆ వేడికి మాడి, పైపులో గడ్డకడుతుంది. పుస్తకంలో రాసిన సింథటిక్ ఆయిలే పోయించండి. పెట్రోలు కూడా ట్యాంకు మూత వెనక రాసుందే, ఆ ఆక్టేన్‌ నంబరుదే కొట్టించండి, తక్కువదైతే ఇంజను లోపల కొట్టుకుంటుంది. కొండెక్కి రాగానే టక్కున ఆపెయ్యకండి, కాసేపు ఊరికే తిరగనివ్వండి." ఆవిడ ఎక్కంలాగా కంఠతా పెట్టుకుంది.

చిక్కు వచ్చిందల్లా అన్నయ్యతోనే. చెల్లెలి బండికి పరాయివాడెవడో నట్టు విప్పాడని ఆయన మనసు నొచ్చుకుంది. పైకి అనలేదు గానీ, రెండు రోజులు టీకి పిలవలేదు. అందుకని తర్వాతి సర్వీసుకు బండిని షెడ్డుకే తీసుకెళ్లింది, పుస్తకంలో చెప్పిన ఆయిల్ డబ్బా కొని వెంట పెట్టుకుని. షెడ్డులో ఎవరో వదిలేసిన ఇంకో డబ్బాలో అలాంటి ఆయిలే కాస్త మిగిలి ఉంటే, ఆయన ఆ చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాడు.

"ఇదేంటమ్మడూ, నీళ్లలా జారిపోతోంది. ఎండలో ఘాట్ ఎక్కితే ఇది నిలుస్తుందా?"

"పుస్తకంలో ఇదే రాశారన్నయ్యా."

"ఆ రాసినవాడు మన ఘాట్ ఎక్కాడా?"

ఆవిడ పక్కనే ఉన్న ఇంట్లో వదినను పలకరించి తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. తాను తెచ్చిన డబ్బా సీలు విప్పకుండా అలమరలో ఉంది. కింద గరాటుకు అంటుకున్నది మాత్రం అన్నయ్య డ్రమ్ములోని చిక్కటి ఆయిల్. చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, థాంక్స్ చెప్పి ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాతి సర్వీసుకూ అంతే జరిగింది.

పెట్రోలు సంగతీ అలాగే అయింది. ఊళ్లో ఉన్న ఒక్క బంకులో మామూలు పెట్రోలే దొరుకుతుంది. మూత వెనక రాసినది కావాలంటే కొండ దాటాలి. మొదట్లో దాటినప్పుడల్లా నింపుకునేది. పని ఎక్కువైన కొద్దీ, "పెట్రోలు పెట్రోలేలే" అన్న అన్నయ్య మాట చెవిలో పడి, ఊళ్లోనే కొట్టించడం మొదలుపెట్టింది.

కొంతకాలానికి పొద్దున్నే స్టార్టు చేయగానే కటకటమనే చప్పుడు రాసాగింది. ఆయిల్ మట్టం తగ్గుతూ వచ్చింది. వేగం అందుకున్నప్పుడు ఏదో సన్నటి ఈల. షెడ్డుకు తీసుకెళ్తే అన్నయ్య విన్నాడు. ఎప్పటిలా కళ్లు మూసుకోలేదు. "టర్బో అన్నాక ఈల వెయ్యదా" అని నవ్వేశాడు. ఆవిడకూ నమ్మాలనే ఉంది. నమ్మింది.

ఒక మధ్యాహ్నం వదిన మేడ మీద బట్టలు ఆరేస్తూ, చేతిలో తడి దుప్పటితో అలాగే కూలబడిపోయింది. ఎడమ భుజం గుంజేస్తోందంది. ఒళ్లంతా చెమట. ఊళ్లోని చిన్న ఆసుపత్రి నర్సు ఒక మాత్ర నమిలించి, "గుండె. ఇక్కడ మా వల్ల కాదు. అవతలి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఇప్పుడే" అంది. అంబులెన్సు అవతలి నుంచే రావాలి. వచ్చి తీసుకెళ్లేలోగా ఏమైనా కావచ్చు.

అన్నయ్య ఫోను చేశాడు. "అమ్మడూ, బండి తీసుకురా. మీ వదిన... నువ్వు బండి తీసుకురా."

వెనక సీట్లో వదిన తల ఒళ్లో పెట్టుకుని అన్నయ్య కూర్చున్నాడు. ఊరు దాటేదాకా బండి బాగానే పరుగెత్తింది. కనుమ దారి మొదలైన కాసేపటికి ముందొక రాళ్ల లారీ అడ్డం తగిలింది. దాటబోతూ డ్రైవరమ్మ యాక్సిలరేటరు గట్టిగా తొక్కింది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు ఇంజనులో చప్పుడు. దాని వెనకే ఈల కాస్తా ఏడుపులా పైకి లేచింది. బలం రాలేదు. ఎదురుగా వ్యాను వస్తోంది. కాలు తీసేసి మళ్లీ లారీ వెనక్కి తగ్గింది.

"ఎందుకు తగ్గావు?" అన్నాడు అన్నయ్య.

"లాగట్లేదన్నయ్యా. ఆ చప్పుడు వింటున్నావా?"

"వింటున్నా."

ఏసీ ఆపేసింది, ఆయనకు బాగా వినబడాలని. అద్దంలో చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక చెయ్యి భార్య నుదుటి మీదే ఉంది.

"గులకరాళ్ల చప్పుడు పెట్రోలుది" అన్నాడు. "ఆ ఏడుపు మాత్రం... లోపల ఇరుసు ఊగుతోందమ్మడూ."

"ఏం చెయ్యను?"

లారీ రెండు మలుపులు తిరిగింది.

"అన్నయ్యా, ఏం చెయ్యను?"

"నాకు తెలీదు. పాత ఇంజనైతే చెప్పేవాణ్ని. దీని సంగతి నాకు తెలీదమ్మడూ."

పుట్టి బుద్ధెరిగాక ఇంజను గురించి అన్నయ్య నోట ఆ మాట ఆవిడ వినలేదు. తొక్కితే ఇరుసు విరిగి, ఫోను అందని ఈ మలుపుల్లో బండి నిలిచిపోవచ్చు. నెమ్మదిగా వెళ్తే వదినకు వేళ మించిపోవచ్చు. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి, తేల్చాల్సింది తనే.

"సరే, బండిని నేను చూసుకుంటా. నువ్వు వదిన్ని చూసుకో" అంది.

గేరు తగ్గించింది. ఇంజనుకు భారం తగలకుండా, కాలి బొటనవేలితో తాకీ తాకనట్టు తొక్కుతూ పోనిచ్చింది. గులకరాళ్ల చప్పుడు తగ్గింది. ఏడుపు మాత్రం ఆగలేదు. దారి వెడల్పైన చోట లారీ డ్రైవరు అద్దంలో చూసి పక్కకు తప్పుకున్నాడు. పరుగెత్తాలని కాలు కొట్టుకుంటున్నా ఆవిడ తొక్కలేదు.

"అమ్మాయ్, నిద్రొస్తోంది" అంది వదిన.

"పడుకోకు వదినా. నన్ను తిట్టు. నీ కుట్టుమిషను సూది విరగ్గొట్టింది అన్నయ్య కాదు, నేనే."

"తెలుసులే" అంది వదిన కళ్లు తెరవకుండా. "ఆయనకు సూదిలో దారం ఎక్కించడమే రాదు."

కొండ నెత్తికి చేరువవుతుండగా, ఒక మలుపులో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆయిల్ దీపం. మలుపు తిరగ్గానే ఆరింది. తర్వాతి మలుపులో మళ్లీ వెలిగింది. బండి ఒరిగినప్పుడు ఆయిల్ పంపుకు అందట్లేదంటే, లోపల అడుగంటిందన్నమాట. ఇలాగే పోతే దిగే దారిలోనే ఇంజను పట్టేస్తుంది.

కొండ నెత్తి మీద రోడ్డు పని జరుగుతోంది. రోలరు పక్కన నలుగురు తారు గిన్నెలు కడుక్కుంటున్నారు. చదునుగా ఉన్న చోట ఆపి, ఇంజనును కాసేపు ఊరికే తిరగనిచ్చింది. వదిన ఊపిరి చప్పుడు, ఇంజను చప్పుడు రెండూ వినబడుతున్నాయి. ఏది ముందు ఆగుతుందోనన్న ఆలోచన వస్తే, దాన్ని తోసేసింది. అన్నయ్య దిగి రోలరు వైపు పరుగెత్తాడు. ఆవిడ ఇంజను ఆపి, ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూసింది. కొసన కూడా తడి లేదు.

అన్నయ్య రొప్పుతూ సీసా పట్టుకుని వచ్చాడు. రోలరుకు పోసే చిక్కటి డీజిల్ ఇంజను ఆయిల్. మూత విప్పి, గరాటు పెట్టి, పోయబోయి ఆగిపోయాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు.

"ఇది పొయ్యొచ్చా?"

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న. అడగకూడని వేళ వచ్చింది.

"పొయ్యి అన్నయ్యా. తప్పు ఆయిలే, కానీ ఏమీ లేకపోతే ఇప్పుడే పోతుంది."

పోశాడు. బండి స్టార్టయింది. దీపం ఆరింది. దిగేటప్పుడు వెనకంతా నీలంగా పొగ. పై గేరు వెయ్యకుండా, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దింపుకుంటూ వచ్చింది. ఆసుపత్రి గేటులోకి తిప్పేసరికి ఏడుపు కాస్తా గీకుడులా మారింది. స్ట్రెచరు వచ్చింది, వదినను లోపలికి తీసుకెళ్లారు, అన్నయ్య వెనకే పరుగెత్తాడు. బండి అడ్డం తియ్యమని వాచ్‌మన్ అంటే ఆవిడ తాళం తిప్పింది. స్టార్టు కాలేదు. వాచ్‌మనూ ఇంకో ఇద్దరూ కలిసి గోడ పక్కకు నెట్టారు.

వదిన గుండె రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డం పడింది, తీశారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, గండం గడిచినట్టేనని చెప్పింది. అప్పటిదాకా నిలబడే ఉన్న అన్నాచెల్లెళ్లు బల్ల మీద కూలబడ్డారు.

అన్నయ్య చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. వాటినే చూసుకుంటూ అన్నాడు. "నువ్వు తెచ్చిన డబ్బా నేను విప్పలేదు."

"తెలుసు."

"తెలిసీ అడగలేదే?"

"అడిగితే నొచ్చుకుంటావని."

"మీ వదిన దారిలోనే పోయుంటే?"

"అప్పుడు ఆ పాపంలో సగం నాది" అంది ఆవిడ. "నువ్వు తెలీక పోశావు. నేను తెలిసీ ఊరుకున్నాను."

ఆయన చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు. జాకెట్టుకు మరక అయింది. ఆవిడ చెయ్యి తియ్యనివ్వలేదు.

బండిని కంపెనీ వర్క్‌షాపుకు లాగించారు. అన్నయ్య తానూ వస్తానని వెంట వెళ్లాడు. టర్బో విప్పి చేతికిస్తే, లోపలి ఇరుసు పాలపన్నులా అటూ ఇటూ కదిలింది. ఆయిల్ వచ్చే పైపు లోపల మాడిన గిన్నె అడుగులా నల్లటి పెచ్చు. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడి మెకానిక్‌ను ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. సన్నటి ఆయిల్ ఆ వేడికి ఎలా నిలుస్తుంది, గులకరాళ్ల చప్పుడు మొదలైతే బండి తనంతట తానే బలం ఎందుకు తగ్గించుకుంటుంది, అని. సాయంత్రందాకా అడుగుతూనే ఉన్నాడు. చివరికి ఆ మెకానిక్ నవ్వి, పాత డీజిల్ పంపు గురించి తన సందేహమొకటి ఈయన ముందు పెట్టాడు.

వదిన ఇంటికి వచ్చాక చూడడానికి వచ్చిన వాళ్లందరికీ ఒకటే చెప్పేది. "నేనక్కడ పోతుంటే, వీళ్లిద్దరూ బండికి నాడి చూస్తున్నారు." అన్నయ్య తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. మూడోసారి మాత్రం ఆయనా నవ్వాడు.

షెడ్డులో చిక్కటి ఆయిల్ డ్రమ్ము అలాగే ఉంది, పాత డీజిల్ బండ్లకు అదే సరైనది కాబట్టి. కొత్త బండి ఏది వచ్చినా, పుస్తకం చూపించమని అడిగాకే బానెట్ ఎత్తుతున్నాడు. డ్రైవరమ్మ ఇప్పుడు కొండ దాటినప్పుడల్లా అవతలే ట్యాంకు నింపుకుంటుంది. అన్నాచెల్లెళ్ల మధ్య ప్రస్తుతం నడుస్తున్న తగవు టైర్లలో గాలి ఎంత ఉండాలన్న దాని మీద. ఈసారి ఇద్దరూ గొంతెత్తే మాట్లాడుకుంటున్నారు.