చెల్లెలితో మాట్లాడిన డ్రైవర్

ఇసిరేలి మంచివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాండి పట్నం రూటు బస్సు నడుపుతూ ఎందరి ఉసురు పోసుకున్నాడో. స్టాపు దాటించి ఆపుతాడు, ముసలాళ్లని కసురుతాడు, టారో దుంపల బస్తా అడ్డమొస్తే కాలితో తంతాడు. నేను చెరకు రైలు ఇంజను డ్రైవర్ని. పట్టాల దగ్గర నా బండి పోతున్నంతసేపూ హారన్ మోగించి, "కదులు చెరకు బండోడా, పెళ్లికెళ్తున్నావా!" అనేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

ఆ గానుగ సీజనులో ఒకరోజు నా బండి పెట్టెలు రోడ్డు మధ్యలో పట్టాలు తప్పాయి. ఇటు పక్క ఇసిరేలి బస్సు ఆగిపోయింది. జనం కిటికీల్లోంచి మా ఇద్దర్నీ కలిపి తిడుతున్నారు. పెట్టెలు వదిలేసి, ఉత్త ఇంజనుతో సాయం తేవడానికి బయల్దేరబోతుంటే వాడు దిగి వచ్చాడు.

"విమానాశ్రయం వెనకగానే పోతావు కదా. వెనక సీట్లో వసిటి ఉంది, మా పెదనాన్న కూతురు. పెద్దమ్మ ఆఖరి ఘడియల్లో ఉంది. ఆవిడ ఉన్న దీవికి వారానికి ఒక్కటే విమానం, అది ఇవాళే. ఎక్కించుకో."

"ఆమెని పిలువు, తీసుకెళ్తా. నేను ఇంజను వదిలి రాలేను."

వాడు కదల్లేదు. పెదనాన్న కూతురంటే ఈ దీవుల మూలవాసులైన వాళ్లకి సొంత చెల్లెలే. ఊహ తెలిసినప్పటి నుంచీ అన్నాచెల్లెళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మాట్లాడితే ఆడపిల్లకి పరువు తీసినంత అవమానం. ఆ పెద్దమ్మ చేతి కూడే తిని పెరిగినా ఆ ఇద్దరూ పలకరించుకుని ఎరగరు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో మూడో మనిషి కావాలి.

వాడు ముందు కిటికీ దగ్గర కూర్చున్న, చేపలమ్మే కెలేరాని అడిగాడు. "కాస్త ఆవిడకి చెప్పమ్మా, దిగి ఇంజను ఎక్కమని."

"పొద్దున నా చేపల బుట్ట రోడ్డు మీదికి విసిరావే, అప్పుడు అమ్మని కానా? నీ నోరు మమ్మల్ని తిట్టడానికేనా? నువ్వే చెప్పుకో."

పక్కవాళ్లని అడిగాడు. ఒకడు మొహం తిప్పుకున్నాడు, ఇంకొకడు నవ్వాడు. బస్సంతా పగబట్టి కూర్చుంది. నాకు ఒళ్లు మండి, "ఎక్కుతారా, పోనా?" అని అరిచాను.

వాడు వెనక కిటికీ దగ్గరికి వెళ్లి, నేలచూపులు చూస్తూ అన్నాడు. "వసిటీ, దిగు. ఆ ఇంజను ఎక్కు. అమ్మ దగ్గరికి వెళ్లు."

వసిటి మూటతో మొహం కప్పుకుని దిగింది. దారి పొడుగునా ఏడుస్తూ, "అందరిముందూ నా పేరు పెట్టి పిలిచాడు, వాడి నాలుక పడిపోను," అని తిడుతూనే ఉంది. విమానాశ్రయం కంచె దగ్గర దింపాను. విమానం అందింది.

పెద్దామెను పాతిపెట్టాక వసిటి తిరిగొచ్చింది. బజార్లో కనబడితే అడిగాను, అమ్మతో మాట్లాడగలిగావా అని.

"మాట్లాడాను. ఇసిరేలి ఎలా ఉన్నాడంది. నాకు తెలీదన్నాను."

"నిన్ను పంపింది వాడని చెప్పలేదా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? వాడు నాతో మాట్లాడాడని చెప్పనా?"

అప్పటిదాకా నాకు వాడంటేనే అసహ్యం. ఆ రోజు ఆమె మీద అంతకు రెట్టింపు కోపం వచ్చింది. ఆ కోపంలోనే, మర్నాడు పట్టాల దగ్గర వాడు నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మ నన్ను అడిగిందా?" అంటే ఉన్నదున్నట్టు చెప్పేశాను. అడిగిందని, నీ చెల్లెలు నోరు విప్పలేదని, అలాంటిదాని కోసమా నువ్వు పరువు పోగొట్టుకున్నావని.

వాడు నా చొక్కా పట్టుకున్నాడు. "దాన్నేమన్నా అంటే పళ్లు రాలగొడతా. అమ్మతో అలాంటి మాట ఎలా చెప్తుంది? మర్యాద తప్పింది నేను."

చొక్కా వదిలి బస్సెక్కాడు. వెనకనుంచి ఎవరో త్వరగా పోనివ్వమంటే, మామూలుగానే తిట్టాడు.