రెండో గడిలో అత్తమ్మ పేరు

నేను బీఎస్సీ చదివాను. ఎవరైనా దయ్యాల ముచ్చట తీస్తే లేచి వెళ్లిపోయే రకం. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్. మా పాపకు నాలుగేళ్లు. ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి సిరప్ పడాలి. ఒక్క పూట తప్పినా మళ్లీ రావచ్చని కరీంనగర్ డాక్టరు గట్టిగా చెప్పి, ఫోన్లో ఒక యాప్ వేయించారు.

టైముకు అది మోగుతుంది. మందు పోశాక నేను 'వేశాను' అని నొక్కాలి. పక్కన రెండో గడి ఇంట్లో ఇంకొకరిది. వాళ్లు చూసుకుని, తమ ఫోన్లో 'వేశారు' అనో 'వేయలేదు' అనో నొక్కాలి. ఆ రెండో మనిషి మా అత్తమ్మ.

అత్తమ్మ చదువుకోలేదు. ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్ గుర్తుపట్టేది. అయినా ఫోన్‌ను నమ్మేది కాదు. సీసాకు కాగితం పట్టీ అంటించి, పూటపూటకూ మందు ఎక్కడికి దిగిందో పెన్నుతో గీత గీసేది. నాకేమో మోత ఆపడానికని, మందు పోయకముందే బటన్ నొక్కేసే అలవాటు.

"ముందుగాల పిల్ల నోట్లె పొయ్యవే. ఎనుక ఫోన్ల ఒత్తు. ఫిట్స్ వచ్చేది ఫోన్‌కు కాదు గద," అనేది.

మొన్న ఎండాకాలంలో అత్తమ్మ గుండెపోటుతో చనిపోయింది. దినాలయ్యాక ఆమె ఫోన్లోంచి సిమ్ తీసి, ఆఫ్ చేసి, చీరలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశాం. సీసా మీద గీతలు మాత్రం నేను గీస్తూనే ఉన్నాను.

నెల దాటాక ఒక పొద్దున. మా ఆయన ఫస్ట్ షిఫ్టుకు వెళ్లారు. బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఎనిమిదికి అలారం మోగింది. అప్పుడే నల్లా వచ్చింది. 'వేశాను' నొక్కేసి బిందెలు తీసుకుని బయటికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మందు సంగతే మరిచిపోయాను.

పాపకు జడ వేస్తుంటే ఫోన్ టింగుమంది. రెండో గడిలో ఎర్ర గుర్తు. 'వేయలేదు.' కింద అత్తమ్మ పేరు. టైము ఎనిమిది నలభై.

సీసా తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మందు రాత్రి గీసిన గీత దగ్గరే ఉంది. వెంటనే పాపకు పోశాను.

మధ్యాహ్నం ఆయన వచ్చాక బీరువా తెరిచాం. ఫోన్ ఆఫ్‌లోనే ఉంది. ఛార్జింగ్ పెడితే చాలాసేపటికి గాని తెర వెలగలేదు.

"అవ్వ ఫోన్ ఎవలు ముట్టిండ్రే?" అన్నారాయన.

"ఎవలు ముడ్తరు? తాళంచెవి మీ దగ్గరనే ఉన్నది గద."

యాప్ వాళ్లకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి రికార్డు చూసి, "ఆ ఫోన్ నుంచే నొక్కారు మేడమ్," అంది.

ఇప్పుడు మందు పాప గొంతు దిగాకే బటన్ నొక్కుతున్నాను. నొక్కాక రెండో గడి వైపు చూస్తూ కూర్చుంటాను. ఆ రోజు తర్వాత అందులో ఏ గుర్తూ రాలేదు. నేను సరిగ్గా వేస్తున్నందుకు రావడం లేదో, చూసే మనిషి ఇక లేకనో నాకు తెలియదు.

రెండో మనిషి పేరు మార్చమంటూ యాప్ అడుగుతూనే ఉంది. మా ఆయన పేరు పెట్టొచ్చు. పెట్టలేకపోతున్నాను.